అయిదడుగుల ఎనిమిదంగుళాలవాడు

రోజుకి అరవై వెన్నెముకలు చదువుతాను.
కొత్తపేటలో మూడో అంతస్తు, చీకటి గది,
తెర మీద తెల్లగా లేచే ఎముకల మెట్లు.
మిర్చియార్డు హమాలీలవి, ఆటోవాళ్ళవి,
బట్టల కొట్లో పొద్దస్తమానం నిలబడే అమ్మాయిలవి.
ముఖాలు తెలీవు. వంపులే తెలుసు.
నా వెన్ను సంగతి మాత్రం నా పాత కుర్చీకి తెలుసు.
అది చెప్పదు, పొడుస్తుంది.

ఆరడుగుల రెండంగుళాలు నేను.
ఆడదానికి అంతెందుకని
చూసినవాళ్ళల్లా అడిగారు,
నేనేదో బేరమాడి
కొసరు వేయించుకొచ్చినట్టు.
గ్రూపు ఫొటోల్లో వెనక వరుస,
షేరాటోలో మోకాళ్ళు నోటి దగ్గర.

ఆదివారం లక్ష్మీపురం వెళ్ళాను.
పిన్ని జాకెట్లు కుట్టే టేపుతో కొలుచుకుని,
మడమ నుంచి మోకాలి మడత దాకా ఇరవయ్యిన్నర,
అక్కణ్ణుంచి నడుము దాకా ఇరవై ఒకటి,
ఎవరో పేషెంటువి రాసుకున్నట్టు చీటీ మీద రాసుకుని.

మస్తాన్‌వలీ ఏసీ వేశాడు. కవర్లు లాగాడు.
మొదటిది నల్లది, యాభై నాలుగు వేలు.
దాని నడుముదిండు ఎక్కడుందో అక్కడ
నా నడుము ఇంకా మొదలే కాలేదు.
తలదిండు రెండు భుజాల మధ్య గుచ్చుకుంది,
పరీక్ష హాల్లో వెనక బెంచీ పిల్ల పెన్నులా.

రెండోది బూడిద రంగు, డెబ్భై ఒకటి.
మీట నొక్కితే సీటు ముందుకు జరిగి
ఇన్నేళ్ళూ గాల్లో ఉన్న నాలుగంగుళాల తొడని
వచ్చి పట్టుకుంది.
అబ్బ అనుకున్నాను.
ఎత్తు పెంచాను. లేచింది, లేచింది,
ఆగింది.
"అదే ఫుల్లు మేడమ్."

మూడోదాని ధర చీటీ తిరగేసి ఉంది.
తొంభై ఆరు.
ఆ డబ్బుకి స్కూటీ వస్తుంది, నడిపితే వీపు నొప్పీ వస్తుంది.
కూర్చున్నాను.
ఒక్కో పూసా పేరు పిలిస్తే పలికినట్టు
ఎల్ ఫైవ్, ఎల్ ఫోర్, ఎల్ త్రీ...
మెడ దగ్గర హాజరు ఆగిపోయింది.
తలదిండు రెండంగుళాలు కిందే ఉంది.

"ఎవరి కోసం చేస్తారండీ ఇవి?"
"అయిదూ ఎనిమిది మేడమ్.
అయిదడుగుల ఎనిమిదంగుళాలవాడి కోసం.
ట్రైనింగులో చెప్పారు."
"మీరు కూర్చుని చూశారా?"
అటూ ఇటూ చూశాడు. ఓనరు భోజనానికి వెళ్ళాడు.
కూర్చున్నాడు.
కాళ్ళు నేలకి అందలేదు.
చెప్పు ఒకటి బొటనవేలికి వేలాడింది.
రాత్రి షట్టరు సగం దించాక రోజూ కూర్చుంటాడట,
పాదాల కింద కేటలాగుల కట్ట పెట్టుకుని.

ఇద్దరం నవ్వాం.
ఆ అయిదూ ఎనిమిదివాణ్ణి
నరసరావుపేట నుంచి తెనాలి దాకా
ఎవరైనా చూశారా?
నా తెర మీదికైతే ఎప్పుడూ రాలేదు.
వాడికి నడుం నొప్పి ఉండదేమో.

"పొడుగు తలదిండు విడిగా ఉంది మేడమ్, పై అరలో.
స్టూలు తెస్తా."
స్టూలు లేదు. పక్క కొట్టు పెయింటర్లు పట్టుకెళ్ళారు.
లేచి, చెయ్యి చాపి, దించాను.
మునివేళ్ళ మీదికైనా లేవలేదు.
దుమ్ము రాలింది, బల్లిగుడ్డు పెంకు ఒకటి.
మస్తాన్‌వలీ తలెత్తి చూశాడు.
చిన్నప్పట్నుంచీ ఎరిగిన చూపే,
ఈసారి అందులో జాలి లేదు.
బిల్లులో దిండు ధర కొట్టేశాడు.
"మీరే దించుకున్నారుగా."

సోమవారం.
తల వెనక్కి వాల్చితే ఆనింది.
మొదటి ఫిల్ము: యార్డు హమాలీ, నలభై ఒకటి.
ఎత్తు ఎవరూ రాయలేదు.
పూసల మధ్య ఉండాల్సిన సందులు
బస్తాలు వేసి వేసి తొక్కిన దారిలా అణిగిపోయాయి.
వాలి చూద్దామనే అనుకున్నాను.
ఎప్పటిలాగే ముందుకు వంగాను,
తొంభై ఆరు వేలు
వీపు వెనక ఖాళీగా ఉండగా.